అమరుడి ఇంటి బొట్టు

ఎమ్మెల్యే గారు రాజమండ్రిలో బయల్దేరారని మైకు మళ్ళీ చెప్పింది. ఇందాకా అదే చెప్పింది. అంటే ఆయన ఇంకా స్నానం కూడా చేసి ఉండరు. మంచిదే. ఆయన వచ్చేలోపల నేను ఒక ముసలావిడకి ఒక మాట చెప్పాలి, చెప్పేసి బస్సెక్కాలి. మాట చిన్నదే. మీ ఆయన పోయిన నెల చనిపోయారండి. అంతే. నరసాపురం రేవులో చేపల వేలంపాట పాడే గొంతు నాది, బోటు ఇంజన్ల మోతని దాటి అవతలి గట్టుకి వినపడే గొంతు, ఆ ఒక్క మాట దగ్గర తడారిపోయి పొద్దున్నించి ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా గులాబీ మడుల మధ్య దిమ్మ, దిమ్మ మీద పసుపు గుడ్డ కప్పిన విగ్రహం. గుడ్డ కింద మా నాన్న ఉన్నాడు. మిలిటరీ టోపీ పెట్టుకున్న మా నాన్న, మీసం సరిగ్గా రాని మా నాన్న, నేను ఎప్పుడూ చూడని మా నాన్న. దిమ్మకి నల్లరాయి, రాయి మీద బంగారు రంగు అక్షరాలు: సిపాయి లోవరాజు, 1971 యుద్ధంలో దేశం కోసం ప్రాణాలర్పించిన అమరవీరుడు. అర్పించింది అప్పుడు కాదండి, పోయిన నెల, భీమవరంలో ఒక ఆసుపత్రి మంచం మీద, ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, కాఫీలో పంచదార తక్కువైందని మా అమ్మని తిడుతూ అర్పించాడు. ఈ మాట లేచి నిలబడి అరిస్తే ఏమవుతుంది? ఆ మైకు పట్టుకున్న రిటైర్డు సుబేదారు గుండె పట్టుకుని కూలబడతాడు. ఊరంతా నన్ను కొడుతుంది. ఆవిడ? ఆవిడేం చేస్తుంది? అది తెలియకే ఈ కుర్చీ.

ఊరు మాత్రం బాగుంది, అబద్ధమెందుకు. అంకంపాడు అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగగానే ఆర్చి, దాని మీద వీరసైనికుల ఊరికి స్వాగతం, కింద చిన్నక్షరాల్లో ఒక ఎరువుల కంపెనీ పేరు. అక్కణ్ణించి ఊళ్ళోకి రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే, చామంతి నారు, క్రోటన్లు, కుండీల్లో సపోటా అంట్లు, లారీలకి ఎక్కించడానికి గోనెపట్టా చుట్టిన పామ్ చెట్లు. ఇనప తీగ కట్టి కత్తిరించిన మొక్కలు కూడా ఉన్నాయి, ఏనుగు ఒకటి, నెమళ్ళు రెండు, ఆ పక్కన తుపాకీ పట్టిన సిపాయి. సిపాయి మొక్కకి తుపాకీ కొస ఎండిపోయింది. ఇంటికో నర్సరీ ఇంటికో సిపాయి అండి మా ఊళ్ళో అన్నాడు ఆటో అబ్బాయి, టూరిస్టులకి చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో. ఈ పార్కు మొదట్లో మిలిటరీ వాళ్ళిచ్చిన పాత ట్యాంకు ఉంది. దాని మీద పెళ్ళి కావాల్సిన జంట ఒకటి ఎక్కి కూర్చుంది, ఫోటోలవాడు అమ్మాయి జడని ట్యాంకు గొట్టానికి చుట్టమంటున్నాడు. యుద్ధం అంటే వీళ్ళకి ఇదే, మంచి బ్యాక్‌గ్రౌండు. ఎక్కడ చూసినా నీళ్ళు చల్లిన మన్ను వాసన. ఈ వాసన నాకు తెలుసు. మా పేట మన్నుకి ఈ వాసన రాదు, మాది ఉప్పు నేల, తవ్వితే తెల్లగా పేలిపోయి వస్తుంది. ఈ వాసన మా నాన్న చేతులది. మంచంలో పడేదాకా ఆయన ఎక్కడ జాతర జరిగినా ఒక గులాబీ మొక్క తెచ్చేవాడు. బ్లేడుతో సన్నగా చీలిక పెట్టి, ఇంకో కొమ్మ దూర్చి, అరటినార చుట్టి, పసిపిల్లకి బొడ్డు కట్టినట్టు కట్టేవాడు. వారం తిరిగేసరికి ఉప్పుకి మాడిపోయేది. మళ్ళీ తెచ్చేవాడు. ఇంజన్ మెకానిక్కువి, నీకెందుకయ్యా ఈ తోటపని అనేది మా అమ్మ. నవ్వేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి ఆయన దగ్గర అబద్ధం సిద్ధంగానే ఉంది, పోలవరం అవతల మా ఊరు, గోదారి వరదకి ఇల్లూ వాకిలీ మనుషులూ అందరూ పోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. ఆ వరద కథ విని మా అమ్మ ఏడ్చి మరీ పెళ్ళి చేసుకుంది.

పక్క కుర్చీలో ఆవిడ ఇందాకట్నించి నన్ను తూకం వేస్తోంది. బొద్దుగా ఉంది, పట్టుచీర, చేతిలో మల్లెపూల పొట్లం. ఏ ఊరండి మీది అంది. నరసాపురం అన్నాను. ఆవిడ పేరు సత్యవాణి అట, పార్కు వెనక నర్సరీ వాళ్ళదేనట. "మొక్కలకొచ్చారా?" "ఆయ్." "గులాబీలైతే మా దగ్గర తీసుకోండి. ఆ రోడ్డు మీదోళ్ళవి తీసుకెళ్ళారనుకోండి, వారానికల్లా చస్తాయి." చావు గురించి ఆ ఊళ్ళో విన్న మొదటి నిజాయితీ గల మాట అదే. "ఎవరిదండి విగ్రహం?" అని అడిగాను, ఏమీ తెలియనట్టు. "మా అప్పాయమ్మ పిన్ని గారి భర్తండి. పెళ్ళయిన ఏడాదే యుద్ధం వచ్చింది. ఇంక రాలేదు. అదిగో, ఆవిడే." చూడకూడదనుకుంటూ చూశాను. మొదటి వరస ముందు, చేతిలో ఇత్తడి పళ్ళెంతో, నిటారుగా ఉన్న పొడుగాటి ముసలావిడ. నలుపు తక్కువైన జుట్టు, నేత చీర, రెండు చేతులకీ గాజులు. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, ఎర్రగా, ఇప్పుడే పెట్టినట్టు. అదే నేను చూసి రావాల్సింది. చూశాను నాన్నా. ఉంది. నీకు చెబుదామంటే నువ్వు లేవు.

ఆసుపత్రిలో మా అమ్మ కాఫీ తేవడానికి కిందికెళ్ళినప్పుడు చెప్పాడు. అమ్మడూ, అంకంపాడులో అప్పాయమ్మ అని ఒకావిడ ఉంటది. ఆవిడకి బొట్టుందో లేదో చూసి రా. జ్వరం మాట అనుకున్నాను. ఎవరు నాన్నా ఆవిడ అంటే, గొట్టం ఒకసారి సర్దుకుని, నా పెళ్ళాం అన్నాడు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ తరవాత ఆగలేదు, మా అమ్మ లిఫ్టు దగ్గర నిలబడ్డంత సేపట్లో ఒక జన్మ మొత్తం చెప్పేశాడు. తూర్పు బెంగాల్లో ఏదో నది దాటుతున్నారట, పడవ మీద గుండ్లు పడ్డాయట, నీళ్ళలో కొట్టుకుపోయాడట. అందుకా నువ్వు యాభై ఏళ్ళు బోట్లు బాగు చేసి ఒక్కనాడూ బోటెక్కనిది, అందుకా మేము నీళ్ళ భయం నాన్న అని ఏడిపిస్తే నవ్వనిది. ఎవరో జాలర్లు ఒడ్డుకి లాగారట. మళ్ళీ జాలర్లే. జ్వరంతో వాళ్ళ గుడిసెలో పడుకుని లేచేసరికి యుద్ధం అయిపోయింది. పటాలానికి తిరిగి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే భయమేసింది అన్నాడు, ఇన్నాళ్ళెక్కడున్నావంటే ఏం చెప్పాలి అని. రైళ్ళు మారి, నడిచి, ఒక సాయంత్రం ఈ ఊరి తోటల దాకా వచ్చాడు. బాజాలు వినపడ్డాయి. గులాబీ మడుల వెనక నిలబడి చూశాడు. ఊరేగింపు. ఎడ్లబండి మీద పెద్ద ఫోటో, ఫోటోకి దండ, పిల్లలు జిందాబాదులు. దగ్గరికి వచ్చాక ఫోటోలో ఉన్నది తనే అని తెలిసింది. ఆచూకీ లేదని మాత్రమే టెలిగ్రాం వచ్చింది, కానీ ఆచూకీ లేకపోవడం ఈ ఊళ్ళో ఎవరికీ నచ్చదు, ఇక్కడ సిపాయిలు వస్తారు లేదా అమరులవుతారు, మధ్యలో ఉండరు. "ఆ ఊరు నన్ను అప్పటికే చంపేసిందమ్మడూ. చచ్చినోణ్ణి ఎలా వెళ్తాను?" అన్నాడు మా నాన్న, జాలిపడమన్నట్టు చూస్తూ.

నేను జాలిపడలేదు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. నేను బతికే ఉన్నాన్రా అని ఒక్క కేక. ఊరు ఎగిరి గంతేసి ఉండేది, ఇంకా పెద్ద ఊరేగింపు చేసేది. లేదా ఎక్కడ దాక్కున్నావురా అని అడిగి ఉండేది. అడిగితే మిలిటరీ వాళ్ళొచ్చి తీసుకుపోయేవాళ్ళు. కాబట్టి ఫోటోలో ఉన్న వీరుడికి అడ్డం తగలకుండా, మొక్కల మధ్య నుంచి వెనక్కి నడిచాడు. లోపల ఇంట్లో ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల ఉంది. ఆ పిల్ల గుర్తు రాలేదా? వచ్చింది అన్నాడు. ఏం లాభం? అప్పుడు మా అమ్మ కాఫీతో వచ్చింది, పంచదార గొడవ మొదలైంది. రెండు రోజులకి పోయాడు. నేను మాత్రం ఈ నెల రోజులూ ఆ ఆఖరి కోరిక చుట్టూనే తిరిగాను. ఎంత తిట్టుకున్నా దాని దగ్గర మెత్తబడిపోయేదాన్ని. బొట్టుందో లేదో చూసి రా. అందులో ప్రేమ ఉంది కదా. అన్నేళ్ళు దాచుకున్న పశ్చాత్తాపం ఉంది కదా. తన కోసం ఆవిడ ఇంకా ఎదురుచూస్తోందేమో అని చివరి ఊపిరిలో అడగడం, సినిమాలో అయితే హాలంతా ఏడ్చేది. ఆ ఒక్క మాటని పట్టుకునే బస్సెక్కాను. ఆవిడకి కనీసం ఇదైనా చెప్పొచ్చు, చివర్లో మిమ్మల్ని తలుచుకున్నారండి అని.

మైకు గురగురలాడింది. సుబేదారు బుజ్జిబాబు గారు ఎమ్మెల్యే వచ్చేలోపల ఊరి చరిత్ర చెబుతారట. ఈయనా లోవరాజూ ఒకే పడవలో ఉన్నారని సత్యవాణి నా చెవిలో వేసింది. ముసలాయన ఛాతీ నిండా పతకాలు, ఒక చెయ్యి వణుకుతోంది, గొంతు మాత్రం పరేడ్ గొంతు. మొదటి యుద్ధంలో మెసపటోమియా వెళ్ళిన తాతలు, రెండో యుద్ధంలో బర్మా అడవుల్లో జ్వరాలతో పోయిన వాళ్ళు, వాళ్ళ జ్ఞాపకానికి ఇంటింటా వేసిన తోట, ఆ తోటలే ఇప్పుడీ నర్సరీలు. వింటున్నాను, వినట్లేదు, ఎండ షామియానా చిల్లులోంచి నా మోకాలి మీద పడుతోంది. "బర్మా నుంచి కబుర్లొచ్చినప్పుడండి, ఒక్క వీధిలోనే ఎంతోమంది ఆడకూతుళ్ళకి బొట్టు తీయాల్సొచ్చింది. అప్పుడు మా పెద్ద సుబేదారు గారు పంచాయితీ పెట్టి ఒక కట్టడి చేశారండి. వీరుడు చావడు. చావని వాడి భార్యకి బొట్టు తీయడానికి వీల్లేదు. అప్పట్నించి అంకంపాడులో అమరుడి భార్య నిత్య ముత్తైదువండి. ఆవిడ చేత్తో బొట్టు పెట్టించుకోడానికి పక్క ఊళ్ళ నుంచి పెళ్ళికూతుళ్ళొస్తారు. అదిగో మా అప్పాయమ్మ. ఆ బొట్టు ఆవిడది కాదండి, మా లోవరాజుది! మా ఊరిది!" చప్పట్లు. సత్యవాణి కూడా కొట్టింది, మల్లెపూల పొట్లం చంకలో పెట్టుకుని. "పిరికివాడై పారిపోయి వస్తే మాత్రం ఆ గౌరవం లేదండి, ఆడవాళ్ళే వచ్చి వాడి పెళ్ళానికి బొట్టు తీసేస్తారు" అని కలిపింది నా వైపు వంగి, అదేదో ధర చెప్పినట్టు.

అప్పుడు అర్థమైంది. ఎండ చిల్లు కదిలిపోయి ఇంకొకరి మోకాలి మీదికి వెళ్ళింది, నేను అలాగే ఉన్నాను. మా నాన్న ఈ ఊళ్ళో పుట్టినవాడు. ఈ కట్టడి ఆయనకి తెలుసు. అప్పాయమ్మకి బొట్టు ఉంటే ఈ ఊళ్ళో తాను ఇంకా వీరుడు. లేకపోతే ఎవరికో తెలిసిపోయింది, పేరు పోయింది. బొట్టుందో లేదో చూసి రా. ఆయన అడిగింది ఆవిడ గురించి కాదు. కాఫీ కోసం ఎదురుచూస్తూ, చావు ముందు కూర్చుని, ఆ మనిషి తన గురించే అడిగాడు. ఫోటోకి దండ ఇంకా ఉందా అని అడిగాడు. నెల రోజులు మోసుకొచ్చిన ఆ ప్రేమ మాట, ఆ పశ్చాత్తాపం, కుళ్ళిన సరుకు. రేవులో అయితే బుట్ట తిరగేసి చూసేదాన్ని, మొప్పలు ఎత్తి చూసేదాన్ని. ఇంట్లో మనిషిని ఎవరు ఎత్తి చూస్తారు?

మా అమ్మకి తీసేశారు. పదకొండో రోజు, వశిష్ట గోదావరి రేవులో, చీకటితోనే తీసుకెళ్ళారు పేటలో ముసలమ్మలు. మా అమ్మ వద్దంది. అరిచింది. నాగవల్లి అంటే పేటలో అందరికీ హడల్, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పెనుగొండ దాకా అమ్మొచ్చిన మనిషి, తూకంలో మోసం చేసిన వాడి చొక్కా పట్టుకున్న మనిషి, అలాంటిది పసిపిల్లలా నా కొంగు పట్టుకుంది. నీలవేణీ, చెప్పవే, నన్ను వదిలెయ్యమని చెప్పవే, మొహం బోసిగా ఉంటదే. నేను చెప్పాను. ఎవరూ వినలేదు. ముందు పూలు పెట్టి, గాజులు నిండుగా వేసి, పెద్ద బొట్టు పెట్టి, అప్పుడు తుడిచారు. పెట్టింది తుడవడానికే. గాజులు మెట్ల రాయి మీద కొడుతుంటే ఆ చప్పుడుకి రేవులో కొంగలు లేచాయి. నీళ్ళలో మూడు మునకలు వేయించి తీసుకొచ్చేసరికి మా అమ్మ నుదురు ఎవరిదో నుదురులా ఉంది, ఇన్నేళ్ళ బొట్టు కింద చర్మం తెల్లగా, గుండ్రంగా. కాపరం చేసి, తాగొస్తే తలుపు తీసి, ఆసుపత్రిలో గిన్నె పట్టిన మా అమ్మకి తుడిచేశారు. ఇక్కడ, బస్సు దూరంలో, అదే మనిషి పేరు మీద, ఈవిడకి రూపాయంత బొట్టు. ఊరు ఊరంతా చప్పట్లు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. నిజమే చెబుతున్నాను, ఒక్క క్షణం ఆ పళ్ళెం లాక్కుని నేలకి కొట్టాలనిపించింది. తీసెయ్, అది మా అమ్మది అనాలనిపించింది. వెంటనే సిగ్గేసింది. ఆవిడకి మాత్రం ఏం దక్కిందని? ఒక ఏడాది కాపరం, ఒక ఊరి చప్పట్లు, పొద్దున్నే ఎవరెవరి పెళ్ళికూతుళ్ళకో బొట్లు.

వరసల వెంట వస్తోంది. విగ్రహం తెరిచే ముందు ముత్తైదువలందరికీ ఆవిడ చేత్తో బొట్టు, అది కూడా ఆనవాయితీయే అట. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, బొటనవేలు పళ్ళెంలో అద్ది, నుదుట పెట్టి, నవ్వి, ముందుకి కదులుతోంది. లేచి వెళ్ళిపోవచ్చు. ట్యాంకు పక్కనుంచి గేటు, గేటు దాటితే ఆటోలు. సత్యవాణికి పెట్టింది. "ఎండలో నిలబడకండి పిన్ని గారూ" అంది సత్యవాణి. "నేనెప్పుడు ఎండలో లేనే, కొత్తగా చెప్తన్నావ్" అంది ఆవిడ. గొంతులో జీర. నా ముందుకొచ్చింది. గడ్డం కింద చల్లటి వేళ్ళు. నాకు కనుబొమలు రెండూ కలిసిపోయి ఉంటాయి, మా నాన్నవి, అచ్చం, ముక్కు మీద ముడి వేసినట్టు. నీ మొహాన బొట్టుకి చోటు లేదే అని మా అమ్మ నవ్వేది. ఆ ముడి మీద ఆవిడ బొటనవేలు ఆగింది. కుంకం పెట్టలేదు, తియ్యలేదు. ఆగింది. ఆవిడ కళ్ళు నా మొహం మీద మెల్లగా కిందికి దిగి, మళ్ళీ పైకి ఎక్కాయి.

"ఎవరమ్మాయివమ్మా?"

"నరసాపురం అండి."

"ఊరడగలేదమ్మా."

ఆవిడ బొట్టు పెట్టడం పూర్తి చేసింది, పళ్ళెం సత్యవాణి ఒళ్ళో పెట్టి, మిగతావాళ్ళకి నువ్వు పెట్టవే, ఈ పిల్లకి దాహంగా ఉన్నట్టుంది అని నా చెయ్యి పట్టుకుంది. గట్టి పట్టు. షామియానా వెనక, అమ్మకానికి పెట్టిన కుండీల మధ్య, నీళ్ళ డ్రమ్ము. ఆవిడ గ్లాసు ముంచింది. నాకివ్వలేదు. పట్టుకునే నిలబడింది. "ఉన్నారా?" అంది. ఒక్కటే మాట. ఉన్నారండి అనొచ్చు. అంటే ఆవిడ ఈ రాత్రి అన్నం తింటుంది, లేదా రేపు పొద్దున్నే నరసాపురం బస్సెక్కుతుంది. "లేరండి. పోయిన నెల." గ్లాసులో నీళ్ళు కదిలాయి, ఒలకలేదు. అప్పుడిచ్చింది. తాగాను. "ఎక్కడున్నారమ్మా ఇన్నాళ్ళూ?" "నరసాపురంలోనేనండి. బోటు ఇంజన్లు బాగు చేసేవారు." "నరసాపురం" అంది ఆవిడ, ఆ పేరు మొదటిసారి వింటున్నట్టు. "పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగొచ్చు. మా చెల్లెలి మనవరాలి పెళ్ళికి లేసు కొందామని వచ్చానమ్మా ఒకసారి. రేవు దాకా నడిచాను. బోట్లు చూశాను." మైకులో ఎమ్మెల్యే గారు వంతెన దాటారు. "నన్నేమన్నా అడిగారా?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. అబద్ధం రెడీగా ఉంది, బస్సులో వస్తూ మెరుగు పెట్టుకున్నదే, క్షమించమన్నారండి, మీ పేరు చెబుతూనే పోయారండి. మా నాన్న చెప్పిన వరద కథలాంటిదే. మా ఇంట్లో అబద్ధాలు బాగా పండుతాయి. కానీ ఆ కళ్ళ ముందు నోరు తిరగలేదు. "మీకు బొట్టుందో లేదో చూసి రమ్మన్నారండి." ఆవిడ నవ్వింది. పళ్ళు సగం లేవు, నవ్వు మాత్రం కొరికినట్టుంది. "చూసుకోడానికి ఆయనకి కళ్ళు లేవా? బస్సుల్లేవా?" ఆ తరవాత నవ్వు ఆగిపోయింది. నాకు అర్థం కావడానికి అంత ఎండ, అంత ఉపన్యాసం పట్టిన సంగతి ఆవిడకి రెప్పపాటులో అందింది. "ఊళ్ళో తన పేరు ఇంకా నిలబడుందా అని అడిగాడన్నమాట." నేను కుండీల వైపు చూశాను. "వీళ్ళు ఆయన అమరుడనుకున్నారమ్మా. నేను బతికున్నాడనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని. అడిగినోళ్ళు లేరు కాబట్టి చెప్పలేదు. వాళ్ళకీ నాకూ ఒక్క బొట్టే సరిపోయింది." పమిట సర్దుకుంది. "మీ అమ్మకి తీయించేశారా?" "తీసేశారండి. వద్దని ఏడ్చింది." "ఏడుస్తది మరి. కాపరం చేసింది కదా." సైరన్ వినపడింది. ఆవిడ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని డ్రమ్ము మీద బోర్లించి, నాకంటే ముందు నడిచింది.

కార్లు, దుమ్ము, శాలువాలు, ఎవరెవరివో కాళ్ళు తొక్కుకుంటూ ఫోన్లు పైకెత్తిన చేతులు. నేను వేదిక మెట్ల దగ్గర ఇరుక్కుపోయాను. అప్పాయమ్మ గారి చేతికి తాడిచ్చారు, లాగింది. పసుపు గుడ్డ జారింది. నల్లటి మొహం, కలిసిన కనుబొమలు, ఇంకా ఏ అబద్ధమూ ఆడని నోరు. గుంపులో ఎవరూ నా వైపు చూడలేదు, ఎందుకు చూస్తారు? ఎమ్మెల్యే గారు బంతిపూల దండ ఆవిడకందించారు. వేసింది, బరువు తగ్గించుకుంటున్నట్టు వేసింది. బుజ్జిబాబు గారి గొంతు ఏడుపుతో చిరిగింది, వీరపత్నీ అని అరిచారు. అప్పుడు ఆవిడ పమిట కొంగు తీసి, తీరిగ్గా, వంటింట్లో చెమట తుడుచుకున్నట్టు, నుదురు తుడుచుకుంది.

చప్పట్లు సగంలో ఆగాయి. "అప్పాయమ్మా, ఏంటమ్మా ఇది? అమరుడి భార్యవి" అన్నారు బుజ్జిబాబు గారు. సత్యవాణి పళ్ళెంతో మెట్లెక్కింది, అయ్యో పిన్ని గారూ, దుఃఖంలో తెలీలేదు అంటూ, ముందరిదానికంటే పెద్ద బొట్టు పెట్టింది. ఆవిడ తుడిచేసింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు, ప్రేమగానే, ఊరుకోండి ఊరుకోండి అంటూనే పట్టుకున్నారు. సత్యవాణి మళ్ళీ పెట్టింది. ముక్కు మీద కుంకం రాలింది. ఒకసారి ఇటు చూడండమ్మా అన్నాడు ఫోటోలవాడు. వద్దని ఏడ్చిన దానికి తుడిచారు, వద్దని తుడుచుకుంటున్న దానికి పెడుతున్నారు, ఆ చేతులు ఒక్కలాంటి చేతులే, గాజులు కూడా ఒక్కలాంటి గాజులే. ఆవిడ పెనుగులాడలేదు. గుంపులో వెతికింది. దొరికాను.

"నరసాపురం అమ్మాయ్. ఇలా రా."

వెళ్ళాను. ఎవరో జరిగారు, ఎవరో జరగలేదు, మోచేత్తో తోసుకుని ఎక్కాను. "నా చేతులు వీళ్ళ దగ్గరున్నాయి. నువ్వు తుడువు" అంది. రేవులో మా అమ్మ నా కొంగు పట్టుకున్నప్పుడు ఏ చేతులనైతే విరిచేయాలనుకున్నానో అలాంటి చెయ్యే ఇప్పుడు నాది. ఆవిడ కళ్ళు మూసుకుని నుదురు ముందుకి పెట్టింది. అరచేత్తో తుడిచాను. ఒకసారికి పోలేదు. కొంగు తడి చేసి మళ్ళీ తుడిచాను, కింద తెల్లటి గుండ్రటి చర్మం కనపడేదాకా. అదే తెలుపు. ఎవరో ఛీ అన్నారు. సత్యవాణి పళ్ళెం పడేసింది. బుజ్జిబాబు గారు నా భుజం పట్టుకుని తనవైపు తిప్పారు, మైకు ఆయన చేతిలోనే ఉంది. "ఎవరమ్మా నువ్వు? ఏ హక్కుందని ముట్టుకున్నావు?"

"బోటు ఇంజన్ల రాజు కూతుర్నండి."

"ఏ రాజు?" అన్నారాయన. అంటూనే నా మొహం చూశారు, కనుబొమల దగ్గర ఆగారు. ఆయన కూడా ఆ పడవలో ఉన్నారు. ప్రశ్న వెనక్కి తీసుకుందామన్నట్టు మైకు దించబోయారు. అప్పాయమ్మ గారు చేతులు విడిపించుకుని ఆ మైకు మీదికి వంగింది.

"మా ఆయనే, బుజ్జిబాబూ. మొన్న పోయిన నెల పోయాడంట. నరసాపురంలో ఉన్నాడంట ఇన్నాళ్ళూ."

స్పీకర్లు ఆ మాటని గులాబీ మడుల మీదుగా, ట్యాంకు మీదుగా, ఆర్చి దాకా తీసుకెళ్ళాయి. ముందు వరసలు కొయ్యబారిపోయాయి. ఎమ్మెల్యే గారికి ఫోన్ వచ్చినట్టుంది, మాట సరిగ్గా వినలేదు, తలెత్తి చూసి ఆవిడ ఏదో ప్రసంగించిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారని వెనక వరసల వాళ్ళు కూడా కొట్టారు.